73కి బహువచనం లేదు



హామ్ రేడియో అభిరుచి గల పెద్దల నోట ఒక ఫిర్యాదు తరచుగా వింటున్నాను. ఈ కాలపు పిల్లలు లోల్‌లూ, బీటీడబ్ల్యూలూ, ఓఎంజీలూ మోసుకొచ్చి రేడియో తరంగాల మీద కుమ్మరిస్తున్నారట. సెల్‌ఫోను సందేశాల చెత్త అంతా వచ్చి పడిందట. సంప్రదాయం మంటగలిసిందట. ఈ మాటలన్నీ అన్న పెద్దమనిషే మరుక్షణంలో మైకు అందుకొని, “మా ఎక్స్.వై.ఎల్. ఇప్పుడు క్యూ.ఆర్.ఎల్., వంటింట్లో ఉంది, హై హై” అని సెలవిస్తాడు. భార్య వంటింట్లో పనిమీద ఉన్నదని చెప్పి నవ్వడం దాని తాత్పర్యం. అవతల వింటున్నది మరో తెలుగువాడే. ఇద్దరి మధ్య దూరం పది మైళ్ళు కూడా ఉండదు.

ఇంకొక పక్షం మన భాషాభిమానులది. నేను తెలుగు పండితుణ్ణి గనుక పొడి అక్షరాలన్నిటినీ మూకుమ్మడిగా ఖండించి తీరుతానని వారి నమ్మకం. ఖండించకపోతే నా పట్టాను శంకిస్తారు.

నేను ఈ రెండు పక్షాలకూ ఎదురే. పొట్టిమాట పాపం కాదు. వినేవాడికి మేలు చేయని పొట్టిమాట, నిజాన్ని మోయని పొట్టిమాట పాపం. ఈ కొలబద్దతో కొలిస్తే పిల్లలలో కొందరు నిర్దోషులుగా తేలుతారు, పెద్దలలో కొందరు దొరికిపోతారు. ఈ టపాలో చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దానికి వ్యాఖ్యానం.

ముందుగా నా అర్హత. నాకు హామ్ లైసెన్సు లేదు. ముప్పయ్యేళ్ళకు పైబడి ఉన్నత పాఠశాలల్లో భరనభభరవలు వల్లె వేయించినవాణ్ణి. నా పూర్వవిద్యార్థి ఒకడు పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకొని, “మాస్టారూ, మీకు లఘుగురువులు తెలుసు కదా, మోర్సు మీకు ఇట్టే పట్టుబడుతుంది” అని నన్ను ఈ ముగ్గులోకి దింపాడు. అప్పటినుంచి వాడి ఇంట్లో ఒక మూల కూర్చొని వినడం నా కాలక్షేపం.

హామ్ రేడియో ఎరుగని మిత్రులకు రెండు మాటలు. ప్రభుత్వం పెట్టే పరీక్షలో నెగ్గి, సొంత పిలుపు గుర్తు పొంది, లాభాపేక్ష లేకుండా, రేడియో తరంగాల ద్వారా దేశదేశాల వారితో మాట్లాడుకొనే అభిరుచి ఇది. మన దేశపు గుర్తులు సాధారణంగా వి.యు. అన్న అక్షరాలతో మొదలవుతాయి. మన హైదరాబాదుకు ఇందులో పెద్ద పీటే ఉన్నది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ 1983లో వెలసినది అక్కడే.

ఇక లాఘవం సంగతి. సంక్షిప్తాలు పరాయి సంస్కృతి అనేవారు మొదట తమ నోటిని తాము వినాలి. ఒకటో తరగతి పిల్లవాడు అచ్చులు, హల్లులు అంటాడు. ఆ అచ్చు ఎక్కడిది? పాణిని వ్యాకరణానికి ముందుండే పద్నాలుగు మాహేశ్వర సూత్రాలలో మొదటి సూత్రం అకారంతో మొదలవుతుంది. నాలుగో సూత్రం చివర చకారం గుర్తుగా నిలుస్తుంది. ఆ మొదలూ ఈ చివరా కలిపి పట్టుకొంటే అచ్. స్వరాలన్నీ ఆ ఒక్క ముడిలో ఇమిడిపోయాయి. హల్ కూడా అటువంటిదే. ప్రత్యాహారం అని దానికి పేరు. మొదటి అక్షరాన్నీ చివరి అక్షరాన్నీ పట్టుకొని మధ్యలో ఉన్నదంతా సూచించడం పొడి అక్షరం కాకపోతే మరేమిటి? అర మాత్ర ఆదా అయితే కొడుకు పుట్టినంత సంబరపడతారని వైయాకరణుల మీద లోకోక్తి ఉండనే ఉన్నది. పొదుపును వెక్కిరించే హక్కు మన సంప్రదాయంలో ఎవరికీ లేదు.

ఛందస్సు తీసుకోండి. య, మ, త, ర, జ, భ, న, స. ఒక్కొక్క అక్షరం మూడేసి గురులఘువుల మూట. ఈ ఎనిమిదింటికీ మోర్సులో సరిగ్గా ఎనిమిది అక్షరాలున్నాయి. చుక్కను లఘువుగా, గీతను గురువుగా పట్టుకోండి. భగణం అంటే గీత, చుక్క, చుక్క. అది మోర్సులో డి. రగణం కె. జగణం ఆర్. సగణం యు. తగణం జి. యగణం డబ్ల్యూ. మూడు లఘువుల నగణం ఎస్. మూడు గురువుల మగణం ఓ. కనుక మునిగిపోతున్న ఓడ పంపే ఎస్.ఓ.ఎస్. మన లెక్కలో న, మ, న గణాలు, మధ్యలో విరామం లేకుండా. 1906లో బెర్లిన్ ఒప్పందంలో ఆ సంకేతాన్ని ఎంచుకున్నవారికి అది ఏ ఇంగ్లీషు వాక్యానికీ సంక్షిప్తం కాదు. ‘మా ప్రాణాలు కాపాడండి’ అన్న అర్థం తరవాతివారు అతికించినది. దాని గొప్పతనమంతా దాని నడకలోనే ఉన్నది. ఎంత హోరులోనైనా గుర్తుపట్టగలిగే నడక అది.

మోర్సులో కాలమే ధనం. చుక్క ఒక పాలు. గీత మూడు పాళ్ళు. అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు పాళ్ళు, మాటకూ మాటకూ మధ్య ఏడు పాళ్ళు విరామం. మనకు గురువు రెండు మాత్రలు, వాళ్ళకు మూడు. తేడా అంతే. ఈ లెక్కన ‘బెస్ట్ రిగార్డ్స్’ అని పూర్తిగా పంపితే 93 పాళ్ళ కాలం పడుతుంది. 73 అని పంపితే 29 పాళ్ళు. ‘థాంక్స్’ అన్న మాటను విడమరిచి పంపితే 49 పాళ్ళు, దానికే టి.ఎన్.ఎక్స్. అని పంపితే 25. అరచేయి నొప్పెట్టేలా కీ నొక్కుతున్నవాడికీ, హోరులో చెవులు రిక్కించి కాగితం మీద ఒక్కొక్క అక్షరమూ రాసుకొంటున్నవాడికీ ఈ తేడా చిన్నది కాదు. ఇక్కడ పొదుపు పంపేవాడి సోమరితనం కాదు. వినేవాడికి చేసే మర్యాద.

ఈ మర్యాదకు చరిత్ర ఉన్నది. అమెరికాలో వెస్టర్న్ యూనియన్ సంస్థ 1859లో తంతి గుమాస్తాల కోసం ఒకటి నుంచి తొంభై రెండు దాకా అంకెలకు అర్థాలు నిర్ణయించింది. అందులో 73 అంటే నా అభినందనలు స్వీకరించండి అని. అంతకు రెండేళ్ళ ముందు ఒక పత్రికలో అదే అంకెకు ప్రేమాభివందనాలనే అర్థం ఉండేది. 30 అంటే ఇక సమాప్తం. 1879లో వాల్టర్ ఫిలిప్స్ అనే ఆయన పత్రికా వార్తలు త్వరగా పంపడానికి ఒక పెద్ద సంక్షిప్త నిఘంటువే తయారుచేశాడు. ఈనాటికీ అమెరికా పత్రికలు తమ సుప్రీంకోర్టుకు వాడే స్కోటస్ అన్న పొడిమాట అందులోదే. ‘మరియు’ అనడానికి హాములు నేటికీ ఇ.ఎస్. అని పంపుతారు. పాత అమెరికన్ మోర్సులో ఆ గుర్తు ఒక చుక్క, చిన్న ఎడం, మూడు చుక్కలు. చెవికి ఇ, ఎస్ అన్నట్టు వినిపించేది. ఆ పాత లిపి పోయింది, ఆ చప్పుడు మిగిలింది. తెలుగులో అరసున్న పలుకు పోయి అర్థం మిగిలినట్టే.

క్యూ సంకేతాలు ఇంకా చిత్రమైనవి. 1909 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం తన ఓడల కోసం, తీర కేంద్రాల కోసం రాసుకొన్న పట్టిక 1912 లండన్ ఒప్పందంతో అంతర్జాతీయమైంది. క్యూ.టి.హెచ్. అంటే నేనున్న చోటు ఇది. చివర ప్రశ్నార్థకం చేరిస్తే, మీరున్న చోటు ఏది? క్యూ.ఆర్.ఎం. అంటే ఇతర కేంద్రాల రొద. క్యూ.ఆర్.ఎన్. అంటే ఉరుములు మెరుపుల వంటి ప్రకృతి రొద. క్యూ.ఎస్.ఎల్. అంటే మీరు పంపినది నాకు అందినది. ఇవి ఇంగ్లీషు మాటలకు సంక్షిప్తాలు కావు. ఏ భాషకూ చెందవు. రష్యావాడు, బ్రెజిల్‌వాడు, మన విశాఖవాడు ఒకరి భాష ఒకరికి తెలియకుండానే మూడేసి అక్షరాలతో మాట్లాడుకోగలరు.

కొందరు మిత్రులు వీటికి తెలుగు సంకేతాలు కల్పించమని నన్నడిగారు. కల్పించను. అచ్చును తీసి ఇంకో మాట పెట్టడం ఎంత అనవసరమో ఇదీ అంతే. ఇది తెలుగు మీద ఇంగ్లీషు పెత్తనం కాదు. అన్ని భాషలకూ సమదూరంలో నిలిచిన ఏర్పాటు. భాషాభిమానం అంటే కనపడిన ప్రతి మేకుకూ తెలుగు పేరు పెట్టడం కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు పెద్దల ఫిర్యాదుకు వద్దాం. పిల్లలు ‘యు’ అన్న అక్షరాన్ని ‘నువ్వు’ అన్న అర్థంలో వాడుతున్నారని కోపం. యు.ఆర్. అంటే ‘నీ’ అట! బి4 అంటే ‘మునుపు’ అట! సి.యు.ఎల్. అంటే ‘మళ్ళీ కలుద్దాం’ అట! అయ్యా, ఇవన్నీ మీ మోర్సులోవే. ఈ పిల్లల తాతలు పుట్టకముందు నుంచీ తంతి గుమాస్తాలూ హాములూ నొక్కుతూ వచ్చినవే. నవ్వుకు పిల్లలు లోల్ అంటే, మీరు హెచ్, ఐ కలిపి ఆరు చుక్కలు వరుసగా కొట్టి హై అన్నారు. ఓఎంజీ సైతం నిన్నటిది కాదు. 1917లో బ్రిటిష్ నౌకాదళాధిపతిగా పనిచేసిన ఫిషర్ ప్రభువు చర్చిల్‌కు రాసిన లేఖలో ఆ మూడక్షరాలూ ఉన్నాయి. ఆయన వయసు అప్పటికి డెబ్బై ఆరు.

పిల్లలకు అవసరం కూడా ఉండినది. సెల్‌ఫోను సందేశంలో ఉండే చోటు 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు లిపిలో రాస్తే 70 స్థానాలే. పైగా ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి ఆరు స్థానాలు ఖర్చు. సందేశానికింత అని డబ్బు కట్టిన రోజుల్లో తెలుగు పిల్లవాడు తన భాషను ఇంగ్లీషు అక్షరాల్లోకి, ఆ అక్షరాలను మళ్ళీ ముక్కల్లోకి కుదించాడంటే, ఆ నేరంలో సగం వాడిది కాదు. తంతి రోజుల్లో మనం చేసినదేమిటి? మాటకింత అని చెల్లించాలి గనుక ‘వెంటనే బయలుదేరు’ అని రెండు ముక్కలు కొట్టించి ఊరుకొనేవాళ్ళం. పండుగ శుభాకాంక్షలకు అచ్చువేసిన పట్టికలో అంకె చూపించేవాళ్ళం. మన దేశంలో ఆ తంతి సేవ 2013 జులైలో ముగిసింది. దాన్ని తలచుకొని కన్నీరు పెట్టినవారే ఎస్.ఎం.ఎస్. పిల్లవాణ్ణి భాషాద్రోహి అన్నారు.

అలాగని పిల్లలకు పూర్తి విడుదల పత్రం రాసివ్వడం లేదు. సందేశానికింత అన్న ఖర్చు పోయింది. స్థానాల లెక్క పోయింది. తెలుగులో ఎన్ని పుటలైనా పంపవచ్చు, మాట్లాడితే ఫోనే రాసిపెడుతుంది. అవసరం పోయాక మిగిలిన పొదుపు ఎవరి కోసం? మా పాఠశాలలో నాతో పనిచేసిన లెక్కల మాస్టారు పోయినప్పుడు, ఆయన దగ్గర చదువుకొన్నవారి సందేశాలు వరుసగా వచ్చాయి. ఆర్.ఐ.పి., ఆర్.ఐ.పి., ఆర్.ఐ.పి. పదేళ్ళ వయసులో ఎక్కాలు నేర్పి, ఫీజు కట్టలేని వాళ్ళకు తన జేబులోంచి కట్టిన మనిషికి మూడక్షరాలు. ‘మాస్టారు మా ఇంటికి వచ్చి మా నాన్నతో మాట్లాడి నన్ను బడి మాన్పించకుండా ఆపారు’ అని ఒకడు మాత్రం రాశాడు. ఆ ఒక్క వాక్యాన్నే ఆయన భార్యకు చదివి వినిపించగలిగాను. మిగిలినవి చదవడానికి అందులో ఏమున్నది?

హాములు తమలో ఒకరు పోతే ఆయన పిలుపు గుర్తు పక్కన ఎస్.కె. అని రాస్తారు. మౌనం వహించిన కీ అని అర్థం. సంభాషణ ముగిసిందని మోర్సులో చెప్పే గుర్తు కూడా అదే. అదీ రెండక్షరాలే కదా అంటారేమో. కాని అది ఆ మనిషి బతుకంతా చేసిన పనిలోంచి పుట్టినది, ఆయన గుర్తు పక్కన మాత్రమే నిలిచేది. ఆయన కుటుంబానికి రాసే ఉత్తరానికి బదులుగా అది రాలేదు.

ఇక పెద్దల వంతు. మొదటిది చిన్న తప్పు, నాబోటివాడికి మాత్రం పంటి కింద రాయి. 73 అనే అంకెకు ‘అభినందనలు’ అని అర్థం. అందులో బహువచనం అప్పటికే ఉన్నది. దానికి ఇంగ్లీషు ఎస్ చేర్చి ‘సెవెంటీ త్రీస్’ అంటారు మైకు పట్టినవారు. అభినందనలులు అన్నమాట. మనవాళ్ళు దానిమీద ఇంకో ‘లు’ చేర్చి ‘సెవెంటీ త్రీస్‌లు’ అంటారు. బహువచనం మీద బహువచనం మీద బహువచనం. మోర్సులో 7 అంటే రెండు గీతలు, మూడు చుక్కలు. 3 అంటే మూడు చుక్కలు, రెండు గీతలు. ముందునుంచి చదివినా వెనుకనుంచి చదివినా ఒకటే. అంత పొందికైన దానికి తోక తగిలించడానికి చేయి ఎలా వస్తుందో.

రెండోది, నోటితో మాట్లాడేటప్పుడు మోర్సు సంకేతాలు. మోర్సులో క్యూ.టి.హెచ్. పొదుపు. నోటితో ‘మా ఊరు’ అంటే మూడు అక్షరాలు. ‘మై క్యూ.టి.హెచ్. ఈజ్’ అంటే ఎంత? పొదుపు తిరగబడి దుబారా అయింది. అది ఇక భాష కాదు, బిళ్ళ. నేను లోపలివాణ్ణి, నీవు బయటివాడివి అని చూపే బిళ్ళ. లోల్ అనే పిల్లవాడు చేసేదీ అదే. ఒకరినొకరు ఆడిపోసుకోవలసిన పని లేదు.

మూడోది ఎక్స్.వై.ఎల్. హాముల పరిభాషలో పురుషుడెవరైనా ఓ.ఎం., అంటే పెద్దాయన. స్త్రీ ఏ వయసుదైనా వై.ఎల్., అంటే యువతి. ఇక్కడిదాకా ముచ్చటగానే ఉన్నది. పెళ్ళయితే మాత్రం ఆమె ఎక్స్.వై.ఎల్., మాజీ యువతి! పదవి ఊడిన మంత్రికి వాడే మాట కట్టుకొన్న ఇల్లాలికి. తెలుగులో ‘మా ఆవిడ’ అని ఉన్నది. ఎంత చిన్న మాట, ఎంత గౌరవం! దీన్ని వదిలి దాన్ని పట్టుకోవడానికి మోర్సు చలవ ఏమీ లేదు, ఎదురుగా ఉన్నది మైకు.

నాలుగోది అసలు నేరం. దీనికి మాత్రం నేను క్షమాపణ ఇవ్వను. సంకేతం ఎంత బాగా వినిపిస్తున్నదో చెప్పడానికి మూడంకెల పద్ధతి ఉన్నది. మొదటి అంకె స్పష్టతకు, ఐదు దాకా. రెండోది బలానికి, మూడోది నాద శుద్ధికి, తొమ్మిదేసి దాకా. 599 అంటే పరిపూర్ణంగా వినబడుతున్నదని అర్థం. పోటీలు జరిగే వారాంతాల్లో చెవి ఒగ్గి వినండి. అందరికీ 599. తొమ్మిదికి బదులు ఎన్ అన్న అక్షరం పెట్టి 5ఎన్ఎన్ అని ఇంకా కుదిస్తారు. 49 పాళ్ళు 25కు దిగుతాయి. కుదింపుకు నాకు అభ్యంతరం లేదు. కాని 599 ఇచ్చిన మనిషే మరుక్షణంలో “మీ పిలుపు గుర్తు మళ్ళీ చెప్పండి, వినబడలేదు” అంటాడు! పరిపూర్ణంగా వినబడినవాడికి పేరు వినబడకపోవడమేమిటి? మా బడిలో పరీక్ష రాయని వాడికి కూడా నూటికి నూరు వేసి పంపితే నన్ను ఉద్యోగంలో ఉంచేవారా? నిజం చెప్పడానికి పుట్టిన మూడంకెలు మొక్కుబడి అయిపోయాయి. లోల్ అని రాసేవాడు నిజంగా నవ్వడం లేదని వెక్కిరించే పెద్దలు, తాము వినకుండానే విన్నామంటున్నారు. రెండిటిలో ఏది పెద్ద అబద్ధం?

2017లో ఎఫ్.టి.8 అనే కొత్త పద్ధతి వచ్చింది. భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ పొందిన జో టేలర్, స్టీవ్ ఫ్రాంక్ అనే మరొక హాముతో కలిసి రూపొందించాడు. పదిహేను సెకన్లకొక వంతు. చెవికి ఆనని బలహీన సంకేతాన్ని కూడా కంప్యూటర్ పట్టుకొంటుంది. డాబా మీద చిన్న తీగ కట్టుకొన్న విద్యార్థి సముద్రాలు దాటి మాట పంపగలుగుతున్నాడు. అది మంచిదే. అయితే చిత్రం చూడండి. ఆ యంత్రం సంకేతపు బలాన్ని కొలిచి ఉన్నదున్నట్టు చెబుతుంది, మైనస్ 18 అయితే మైనస్ 18 అని. మనిషి ఇచ్చే 599 అబద్ధం. యంత్రం ఇచ్చే అంకె నిజం. చివరలో మాత్రం ఆ యంత్రమే ఆర్ఆర్73 అని అభినందనలు కూడా చెబుతుంది. మౌసు ఒకసారి నొక్కి మనిషి కాఫీ తాగుతూ ఉంటాడు, అవతలి మనిషీ అంతే. కొలత యంత్రం చెప్పవచ్చు. అభినందన ఎవరు ఎవరికి చెప్పినట్టు? నూట అరవై ఏళ్ళకు పైగా ఒక చేయి ఇంకొక చెవికి అందించిన పలకరింపు ఇప్పుడు చేయీ చెవీ రెండూ లేకుండా నడుస్తున్నది. దీని మీద కోప్పడే పెద్దలు తక్కువ. లోల్ మీద కోపం తేలిక గదా.

ఇంత చిన్న విషయానికి ఇంత ఆవేశమా అని అడిగేవారికి 2004 డిసెంబరు గుర్తుచేస్తాను. హైదరాబాదు సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక హాము బృందం అండమాన్ దీవులకు వెళ్ళి పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రసారాలు చేస్తున్నది. ఆ ఊరి పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. వాళ్ళు వెళ్ళినది అభిరుచి కోసమే. ఆ దీవుల నుంచి చాలా ఏళ్ళుగా హాము సంకేతం వెలువడలేదు గనుక ప్రపంచమంతా వారి కోసం వేచి ఉన్నది. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించి సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయాయి. అప్పటిదాకా సరదాకు పనిచేసిన ఆ రేడియోలే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య వారధి అయ్యాయి. ఫలానావారు క్షేమమా అని ఇటునుంచి, క్షేమమని అటునుంచి. వై.ఎల్. అన్న రెండక్షరాలకు అంతకంటె గౌరవం ఎన్నడైనా దక్కిందా?

అటువంటి వేళ క్యూ.ఎస్.ఎల్. అంటే ఏమిటి? అక్షరాలా ‘అందినది’. పేరు అందినది, ఊరు అందినది, బతికి ఉన్నారన్న మాట అందినది. మైకు ముందు కబుర్లలో దాన్ని ‘ఊ ఊ’ అన్నట్టు, ‘సరే సరే’ అన్నట్టు వాడి వాడి అలవాటైన నోరు, ఆ రోజున సగమే విని కూడా క్యూ.ఎస్.ఎల్. అంటుంది. సగం విన్న పేరు ఇంకొకరి పేరు అవుతుంది. ఏ ఇంట్లో దీపం ఆరిందో, ఏ ఇంట్లో వెలిగిందో తారుమారవుతుంది. వినకుండా 599 అనడం అలవాటైన చేయి ఆ ఒక్క రోజు మాత్రం నిజాయతీగా ‘వినబడలేదు, మళ్ళీ పంపండి’ అంటుందని నమ్మకమేమిటి? అలవాటు ఆపదలో మారదు. ఆపదలో పనిచేసేది అలవాటే.

అమెరికాలో పోలీసులకు, అగ్నిమాపక దళాలకు పది అంకెతో మొదలయ్యే సంకేతాలుండేవి. ఒకే సంకేతానికి ఒక్కొక్క శాఖలో ఒక్కొక్క అర్థం. పెద్ద విపత్తులో పది ఊళ్ళ దళాలు ఒకచోట చేరినప్పుడు ఒకరి మాట ఒకరికి తెలియలేదు. అందుకే 2006 నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వం, అనేక శాఖలు కలిసి పనిచేసే విపత్తుల్లో సంకేతాలు మాని మామూలు భాష మాట్లాడాలని షరతు పెట్టింది. సంకేతం మీద ఒప్పందం ఉన్నంతవరకే అది భాష. ఒప్పందం చెదిరితే అది రొద. క్యూ.ఆర్.ఎం. అన్నమాట.

సముద్రం మీద ఓడలు 1999లోనే మోర్సుకు సెలవిచ్చి ఉపగ్రహాల పద్ధతికి మారాయి. హామ్ పరీక్షలో మోర్సు తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధన 2003లో పోయింది. తంతి ఆఫీసు మన దేశంలో మూతపడి ఏళ్ళయింది. నూట యాభై ఏళ్ళు వేలమంది గుమాస్తాలు, ఓడల ఆపరేటర్లు చెవులు అరగదీసుకొని నిర్మించిన ఈ చిన్న భాషను అభిరుచితో వాడుకలో నిలిపినవారు ఇప్పుడు హాములే. గుడిలో మిగిలిన ఒక్క అర్చకుడే మంత్రాన్ని అర్థం లేకుండా గొణిగితే ఆ మంత్రం ఎన్నాళ్ళు బతుకుతుంది? అందుకే పిల్లల లోల్ కంటె పెద్దల 599 నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

కనుక నా కొలబద్ద మూడు ప్రశ్నలు. ఒకటి, ఈ పొట్టిమాట విడమరిస్తే ఏమవుతుందో అవతలివాడికి తెలుసా? రెండు, దీనివల్ల అతనికి శ్రమ తగ్గుతున్నదా, లేక నా బద్ధకం తీరుతున్నదా? మూడు, విడమరిచి చెప్పినా అది నిజమేనా? మూడింటికీ అవునని జవాబు వస్తే, క్యూ అక్షరమైనా, ప్రత్యాహారమైనా, పిల్లవాడి యు.ఆర్. అయినా నాకు శిరోధార్యమే. ఒక్కదానికి కాదని వచ్చినా దయచేసి నోరు విప్పి పూర్తి వాక్యం చెప్పండి. మైకు పట్టుకొన్న తెలుగువాళ్ళయితే తెలుగులో చెప్పండి. ‘మా ఆవిడ వంటింట్లో ఉంది’ అన్నది చాలా మంచి వాక్యం.

లైసెన్సు ఉన్న మిత్రులకు ఇందులో కొన్ని మాటలు పుల్లవిరుపుగా తోచవచ్చు. విభేదించేవారు వ్యాఖ్యలలో నిస్సంకోచంగా నన్ను ఖండించవచ్చును. పొడి అక్షరాలలో కాకుండా పూర్తి వాక్యాలలో ఖండిస్తే, అంతే పూర్తిగా జవాబు రాస్తాను.

అందరికీ 73. దయచేసి ‘లు’ చేర్చకండి.